పైలట్ కానివాళ్ల శిక్షణకూ ఒక చరిత్ర ఉంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పైలట్ ఎంపిక కోసం కంప్యూటర్ మీద పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షలో మీ అబ్బాయి తప్పాడు. ఆ పరీక్షకు జీవితంలో ఒక్కసారే అవకాశం ఉంటుంది కాబట్టి సైనిక పైలట్ అయ్యే దారి మూసుకుపోయింది. నౌకాదళంలో అబ్జర్వర్‌గా, అంటే విమానం నడపకుండా అందులో దారి, లక్ష్యం చూసే అధికారిగా, వెళ్లవచ్చని తెలిసినా, అది పైలట్ కాలేనివాళ్లకు పడేసే పని అని బాధపడుతున్నాడు. విమానంలో పైలట్ కానివాళ్లకు విడిగా శిక్షణ ఇవ్వడం ఎప్పుడు మొదలైందో, దానికి నిజంగా విలువ ఉందో లేదో చెప్పమన్నారు.

నేను అబ్జర్వర్‌నే. నౌకాదళంలో ఇరవై రెండేళ్లు ఎగిరాను. అందులో ఏడేళ్లు శిక్షకుడిగా కొత్తవాళ్లకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు విశాఖలోనే స్థిరపడ్డాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు పరాయిది కాదు.

అది పడేసే పని కాదు. అయితే మీ అబ్బాయికి ఆ అనుమానం ఊరికే రాలేదు. ఒకప్పుడు పెద్ద పెద్ద వైమానిక దళాలే అలా అనుకున్నాయి. ఆ పొరపాటుకు ఎంత మూల్యం చెల్లించాయో, దాన్ని ఎలా దిద్దుకున్నాయో చెప్పేదే విమాన సిబ్బంది శిక్షణ చరిత్రలో అసలు భాగం.

మొదట పైలట్ల శిక్షణ గురించి నాలుగు మాటలు. మొదటి ప్రపంచ యుద్ధం తొలి ఏళ్లలో బ్రిటన్‌లో పైలట్‌కు పాఠం అంటూ ఒక పద్ధతి లేదు. యుద్ధరంగంలో అలసిపోయి వచ్చినవాళ్లు శిక్షకులు. ప్రమాదకరమైన విన్యాసం జోలికి పోవద్దని చెప్పడమే వాళ్లు చెప్పే జాగ్రత్త. 1917లో గోస్‌పోర్ట్ అనే చోట రాబర్ట్ స్మిత్-బారీ అనే అధికారి దీన్ని తలకిందులు చేశాడు. ఏవ్రో 504 విమానంలో ఇద్దరికీ నియంత్రణలు అమర్చి, శిక్షకుడి మాట విద్యార్థి చెవిలో పడేలా ఒక రబ్బరు గొట్టం పెట్టించాడు. విమానాన్ని కావాలనే గింగిరాలలోకి పంపి, అందులోంచి బయటికి ఎలా రావాలో నేర్పించాడు. భయపడే విషయానికి కారణం తెలిస్తే భయం తగ్గుతుందన్నది ఆయన నమ్మకం. ఈనాటికీ ప్రపంచంలో ఏ శిక్షణ విమానం ఎక్కినా ఆ పద్ధతే పునాది.

పైలట్‌కు గురువు దొరికాడు. వెనక సీట్లో కూర్చునేవాడికి మాత్రం దొరకలేదు. రెండు యుద్ధాల మధ్య కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో దారి చూసే పని కూడా పైలట్‌దే అనుకునేవారు. వెనక కూర్చునే తుపాకీదారులు చాలామంది నేల మీద మెకానిక్‌లుగా పనిచేస్తూ, అవసరమైనప్పుడు ఎగిరి, దానికి కొద్దిపాటి అదనపు భత్యం తీసుకునేవారు. అబ్జర్వర్ అనే పేరు ఉన్నా, అది ఒక పూర్తి వృత్తి అన్న గౌరవం లేదు. మీ అబ్బాయి మనసులో ఉన్న మాట సరిగ్గా ఈ కాలానిది.

దాని ఫలితం 1941లో బయటపడింది. జర్మనీ మీద రాత్రిపూట బాంబులు వేసి వచ్చిన విమానాలు తీసిన ఆరు వందలకు పైగా ఫోటోలను బట్ అనే ప్రభుత్వ ఉద్యోగి పరిశీలించాడు. లక్ష్యం మీద దాడి చేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటి మాత్రమే లక్ష్యానికి అయిదు మైళ్ల లోపుకు, అంటే ఎనిమిది కిలోమీటర్ల లోపుకు, వెళ్లిందని తేలింది. రూర్ పారిశ్రామిక ప్రాంతం మీదైతే పదింట ఒకటి. ఆ పైలట్లు ధైర్యవంతులు, విమానం నడపడం బాగా వచ్చినవాళ్లు. ఎక్కడున్నారో చీకట్లో కచ్చితంగా చెప్పగలిగేంత శిక్షణ, సాధనాలు పక్కనున్నవాడికి లేకపోవడమే పెద్ద లోపం.

ఇక్కడ ఆగి మన విశాఖ నుంచే ఒక లెక్క చేద్దాం. మీ అబ్బాయి చేత కూడా చేయించండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, ఆగ్నేయ దిశగా సుమారు 1,200 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి నాలుగు గంటల ప్రయాణం. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడిన తరవాత చూసుకోవడానికి గుర్తు ఒక్కటీ ఉండదు, కింద నీళ్లు తప్ప. వర్షాకాలం, నైరుతి గాలి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి వీస్తోందనుకోండి. పైలట్ దిక్సూచి ముల్లును ఇంచుమించు కదలనివ్వకుండా పట్టుకున్నాడు, చేతి పనిలో లోపమే లేదు. నాలుగు గంటలు గడిచేసరికి విమానం ద్వీపానికి ఈశాన్యంగా 200 కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రం మీద ఉంటుంది. ఇంధనం ముల్లు కిందికి దిగుతూ ఉంటుంది.

పక్కన అబ్జర్వర్ ఉంటే ఏం చేస్తాడు? పటం మీద పెన్సిలుతో ఒక త్రిభుజం గీస్తాడు. ఒక భుజం విమానం ముక్కు చూపే దిశా వేగమూ, రెండోది గాలి, మూడోది నేల మీద నిజంగా పడే దారి. ముక్కును సుమారు పది డిగ్రీలు కుడికి, గాలి వచ్చే వైపుకు, తిప్పమంటాడు. అప్పుడు విమానం కాస్త ఓరగా చూస్తూనే తిన్నగా ద్వీపానికి వెళుతుంది. చేరడానికి మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుందని కూడా ముందే చెబుతాడు. ఆ త్రిభుజం గీయడం రెండు రోజుల్లో వస్తుంది. చీకట్లో, కుదుపుల్లో, రేడియోలో మూడు గొంతులు ఒకేసారి వినిపిస్తుండగా, గాలి మారిందని గుర్తుపట్టి పదే పదే తప్పు లేకుండా గీయడం రావడానికే ఏడాది శిక్షణ చాలదు.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి సంగతి చెబుతాను. చాలా తెలివైనవాడు. మొదటి సముద్ర ప్రయాణంలో మేము చేరాల్సిన చోటికి కాకుండా ఎక్కడికో చేరాం. అతని పటం తీసి చూశాను. గీతలు పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి, అంకెలు సరిగ్గా ఉన్నాయి, గాలి బాణం మాత్రం తిరగబడింది. ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్లకు ఇది తరచూ జరుగుతుంది. నీటి ప్రవాహాన్ని అది ఎటు పోతోందో దాన్ని బట్టి చెబుతాం. గాలిని అది ఎటు నుంచి వస్తోందో దాన్ని బట్టి చెబుతాం. 'తూర్పు గాలి' అంటే తూర్పు నుంచి వచ్చేదని మన జాలరిపేటలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయినా ఒత్తిడిలో చెయ్యి మరిచిపోతుంది. ఆ రోజు తరవాత ఆ అబ్బాయి ప్రతి పటం మూలన, ఏమీ గీయకముందే, గాలి బాణం వేసి దాని తోక దగ్గర 'ఇక్కడి నుంచి' అని తెలుగులో రాసుకునేవాడు. శిక్షణ అంటే నా దృష్టిలో అదే. తెలివిని నమ్ముకోకుండా చేతికి ఒక అలవాటు నేర్పడం.

ఇక చరిత్రకు వద్దాం. ఈ అలవాట్లను వేలమందికి ఒకేసారి ఎలా నేర్పాలో ప్రపంచానికి చూపించింది బ్రిటిష్ కామన్వెల్త్ వైమానిక శిక్షణ పథకం. సైనిక విమాన శిక్షణ సంస్థల్లో దీనంత పెద్దది అంతకుముందు లేదు. 1939 డిసెంబరు 17న కెనడా రాజధాని ఒట్టావాలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బ్రిటన్ చిన్న దేశం, ఆకాశం నిండా మబ్బులు, పైగా శత్రు విమానాలకు అందుబాటులో ఉంది. నేర్చుకునే కుర్రవాడు రన్‌వే మీద దిగుతుంటే తుపాకీ గురిపెట్టే శత్రువు లేని చోటు కావాలి. కెనడాలో కావలసినంత నేల ఉంది, యుద్ధం దూరంగా ఉంది, పక్కనే అమెరికా కర్మాగారాలు ఉన్నాయి. 1940 ఏప్రిల్ 29న పాఠాలు మొదలయ్యాయి. 1945 మార్చి 31న పథకం ముగిసింది.

అక్కడ పద్ధతి ఇలా ఉండేది. చేరిన ప్రతివాడూ మొదట ప్రాథమిక శిక్షణ పాఠశాలలో కొన్ని వారాలు లెక్కలు, వాతావరణం, వైద్య పరీక్షలు, నేల మీదే ఉండి విమానంలా కదిలే లింక్ ట్రైనర్ అనే పెట్టెలో కూర్చోవడం వంటివి పూర్తి చేయాలి. ఆ తరవాత ఒక బోర్డు ముందు నిలబడితే ఎవరు ఏ దారిలో వెళ్లాలో చెప్పేవారు. పైలట్లు టైగర్ మాత్, ఫ్లీట్ ఫించ్ వంటి చిన్న విమానాల మీద సుమారు 50 గంటలు ఎగిరి, తరవాత హార్వర్డ్‌లకు గానీ రెండు ఇంజన్ల ఆన్సన్‌లకు గానీ వెళ్లేవారు. అబ్జర్వర్లు వాళ్ల పాఠశాలలకు, రేడియోవాళ్లు వాళ్ల పాఠశాలలకు, తుపాకీదారులు వాళ్ల పాఠశాలలకు. ప్రతి సీటుకూ ఒక పాఠశాల, ఒక పాఠ్యప్రణాళిక, ఒక పరీక్ష, ఛాతీ మీద ఒక రెక్క గుర్తు. మానిటోబాలోని రివర్స్ అనే చిన్న ఊరు నావిగేషన్‌కు, అంటే దారి చూసే విద్యకు, కేంద్రమైంది. ఆ పథకం నుంచి 1940 నవంబరులో బ్రిటన్ చేరిన తొలి బృందం అబ్జర్వర్లదే.

దాచకుండా ఒక మాట చెప్పాలి. చేరినవాళ్లలో చాలామంది పైలట్ కావాలనే వచ్చారు. విమానం నడపడంలో తప్పినవాళ్లను నావిగేషన్‌కో బాంబు గురికో పంపడం అక్కడ మామూలే. కాబట్టి మీ అబ్బాయిలా మొదట కుంగిపోయినవాళ్లు ఆ శిబిరాల్లో ఎంతోమంది ఉండి ఉంటారు. కానీ అంకెలు చూడండి. ఆ పథకం నుంచి బయటికి వచ్చినవాళ్లు మొత్తం 1,31,553 మంది. వాళ్లలో పైలట్లు 49,808. మిగిలినవాళ్లలో నావిగేటర్లు 29,963, బాంబు గురిదారులు 15,673, రేడియో ఆపరేటర్ కూడా అయిన తుపాకీదారులు 18,496, తుపాకీదారులు 14,996, ఫ్లైట్ ఇంజనీర్లు 1,913, నౌకాదళ తుపాకీదారులు 704. పది మందిలో ఆరుగురు పైలట్లు కారు. యుద్ధం గెలవాలంటే కావలసిన పాళ్లు అవి.

బట్ నివేదిక తరవాత 1942లో బ్రిటన్ తన సిబ్బంది ఏర్పాటును మార్చుకుంది. బాంబర్లలో రెండో పైలట్‌ను తీసేసింది. అప్పటిదాకా దారీ చూసి బాంబు గురీ చూసిన అబ్జర్వర్ పనిని రెండుగా విడగొట్టి నావిగేటర్‌కు ఒకటి, గురిదారుకు ఒకటి ఇచ్చింది. లాంకాస్టర్ విమానంలో ఏడుగురు ఉండేవారు. పైలట్ ఒక్కడే.

అలాంటి సిబ్బందిని ఎలా కలిపేవారో చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. శిక్షణ చివరి దశలో అందరినీ ఒక పెద్ద హ్యాంగర్‌లోకి పంపి, మీ జట్టును మీరే వెతుక్కోండి అని వదిలేసేవారు. జాబితా లేదు, ఆజ్ఞ లేదు. ఒక పైలట్ ఒక నావిగేటర్ దగ్గరికి వెళ్లి, నాతో ఎగురుతావా అని అడగాలి. అంత క్రమశిక్షణ గల సంస్థ, అంత లెక్కగా మనుషుల్ని విడదీసిన సంస్థ, కలిపే పని మాత్రం వాళ్లకే వదిలింది. నా ఉద్దేశంలో ఆ సంస్థ చేసిన అన్ని పనుల్లో ఇది గొప్పది. ప్రాణం అప్పగించేవాడిని ఎవరికి వాళ్లే ఎంచుకోవాలని వాళ్లకు అర్థమైంది. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో 55,573 మంది చనిపోయారు. విమానం కూలినప్పుడు పైలట్ సీటుకూ వెనక సీటుకూ తేడా ఉండదు. కెనడాలో శిక్షణలోనే ఎనిమిది వందల మందికి పైగా పోయారు.

మన వైపు చూద్దాం. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో నాలుగు వాపిటీ విమానాలతో మొదలైంది. తొలి పైలట్లు ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో చదివి వచ్చారు. సుబ్రతో ముఖర్జీ వాళ్లలో ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో శిక్షణ ఇక్కడికే వచ్చింది. లాహోర్ దగ్గర వాల్టన్‌లో నేల పాఠాలు, హైదరాబాద్ బేగంపేటలోనూ జోధ్‌పూర్‌లోనూ టైగర్ మాత్‌ల మీద తొలి పాఠాలు, అంబాలాలో తరవాతి దశ. అంటే కెనడాలో నడిచిన మెట్ల వరసే తెలుగు నేల మీదా నడిచింది. బేగంపేటలో తరవాత చాలా కాలం వైమానిక దళం నావిగేషన్ పాఠశాల కూడా ఉంది. దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పునాది రాయి వేశారు.

విశాఖకు ఆ యుద్ధం దగ్గరికే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పుడు మన తీరాన గస్తీ తిరిగేందుకు ఉన్న చిన్న దళం చేతిలో అదే పాత వాపిటీలు. ఇద్దరు కూర్చునే విమానం, ముందు పైలట్, వెనక చూసేవాడు. సముద్రంలో ఓడను వెతకడం అనే పని మొత్తం ఆ వెనక వాడి కళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. అబ్జర్వర్ అనే పేరుకు అర్థం అదే కదా, గమనించేవాడు.

మన నౌకాదళం 1953 మే 11న కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడను ప్రారంభించింది. మొదటి విమానాలు నీటి మీదా నేల మీదా దిగే సీలాండ్‌లు. 1961లో విమానవాహక నౌక విక్రాంత్‌తో పాటు ఆలిజే విమానాలు వచ్చాయి. వాటిలో ముగ్గురు కూర్చుంటారు. జలాంతర్గామిని వెతకడం వాటి పని, అది పైలట్ ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఆ అవసరమే మన అబ్జర్వర్ పాఠశాలకు ప్రాణం పోసింది. అది నేటికీ కొచ్చిలో గరుడలోనే నడుస్తోంది. హెలికాప్టర్ పైలట్ల శిక్షణ అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలిలో ఉంది. విశాఖలో 1991 అక్టోబరులో ప్రారంభమైన ఐఎన్ఎస్ డేగాలో హాక్ జెట్ల మీద నౌకాదళ యుద్ధవిమాన పైలట్లు తయారవుతున్నారు. 2025 జులై 3న యుద్ధవిమాన విభాగంలోకి వచ్చిన తొలి మహిళగా సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా రెక్కల గుర్తు అందుకున్నది ఇక్కడే.

మహిళల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నౌకాదళంలో తొలి మహిళా పైలట్ 2019 డిసెంబరులో వచ్చారు. తొలి మహిళా అబ్జర్వర్లు 2009లోనే వచ్చారు. తలుపు ముందు తెరుచుకున్నది అబ్జర్వర్ వైపే.

ఇక మీ అబ్బాయి సంగతి. నౌకాదళంలో ఈ ప్రవేశానికి పేరు ఇప్పుడు నావల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్. దీనికి ఆ కంప్యూటర్ పరీక్షతో పని లేదు. ఇంటర్వ్యూ బోర్డు, వైద్య పరీక్షలు మామూలుగానే ఉంటాయి. వయసు, చదువు, మార్కుల నిబంధనలు ప్రతి ప్రకటనలోనూ స్పష్టంగా ఇస్తారు, అవి మారుతూ ఉంటాయి కాబట్టి తాజా ప్రకటనే చూడండి. ఒకవేళ బోర్డు ముందుకు వెళితే, పైలట్ రాలేదు కాబట్టి ఇది అన్న మాట అతని మనసులో ఉండకూడదు. నోటితో అనకపోయినా అది ముఖంలో కనిపిస్తుంది. సముద్రం మీద ఏముందో, ఎవరు ఎక్కడున్నారో, ఇప్పుడు ఏం చేయాలో తేల్చడం తనకు ఇష్టమా కాదా, ఇదొక్కటి తనను తాను అడిగి తేల్చుకోవాలి. ఇష్టం లేకపోతే రావద్దు. ఇది కూడా ప్రేమతోనే చెబుతున్నాను, ఎందుకంటే అయిష్టంగా వచ్చినవాడి పక్కన మిగతా సిబ్బంది ప్రాణాలు ఉంటాయి.

ఒక ఆదివారం అతన్ని ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లండి. కుర్సురా జలాంతర్గామి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, టీయూ-142 అనే సముద్ర గస్తీ విమానం ఉంది. 1988లో నౌకాదళంలో చేరి, 2017 మార్చిలో సెలవు తీసుకున్న విమానాలు అవి. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదం లేకుండా సుమారు 30,000 గంటలు ఎగిరాయి. ముందుగా ముక్కు దగ్గర నిలబడమనండి. అక్కడి అద్దాల వెనక కూర్చునేది పైలట్ కాదు, నావిగేటర్. తరవాత రెక్కల కింద నుంచి నెమ్మదిగా తోక దాకా నడవమనండి, అక్కడ ఫిరంగుల వెనక ఇంకొక మనిషి చోటు ఉంది. పది మందికి పైగా కూర్చున్న ఆ విమానంలో పైలట్లు ఇద్దరే. దాని స్థానంలో వచ్చిన పీ-8ఐలోనూ తొమ్మిది మందికి పైలట్లు ఇద్దరే.

ఇంటికి వచ్చాక ఒక పటం, స్కేలు, కోణమానిని ముందు పెట్టి నేను పైన చెప్పిన ప్రయాణాన్నే తిరుగు దారిలో వేయమనండి. శ్రీ విజయపురం నుంచి విశాఖకు, అదే వేగం, అదే నైరుతి గాలి. ముక్కును ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పాలో రాయమనండి. గాలి బాణం మాత్రం ముందే వేసుకోమనండి.